ఎడమ స్పీకరు

ఆ వారంలో కావేరి రెండు హెడ్‌ఫోన్లు పాడైపోయాయని తేల్చేసింది. మొదటిది తనది, రెండోది తన గదిలో ఉండే గౌరిది. రెండింటికీ ఒకటే జబ్బు, ఎడమవైపు మోగదు. రెండు వేర్వేరు కంపెనీల సరుకు, ఒకే గదిలో, ఒకే వారంలో, ఒకే వైపు ఎలా పోతుందమ్మా అని ఎవరైనా అడగవచ్చు. కావేరి మాత్రం ఆ ప్రశ్న జోలికి పోలేదు. పోకుండా ఉండటానికి ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

విజయనగరం నుంచి దేశ రాజధానికి వచ్చి మూడేళ్ళయింది. జనక్‌పురిలో రెండో అంతస్తులో అద్దె గది, గుర్‌గావ్ కంపెనీకి ఇంటి నుంచే పని. తెలుగు కస్టమర్ల ఫోన్ కాల్స్ విని, మాట పొల్లుపోకుండా టైపు చేసి పంపాలి. ఆ రికార్డింగుల్లో కస్టమర్ గొంతు ఎడమ చెవికి, కంపెనీ మనిషి గొంతు కుడి చెవికి వస్తాయి. అంటే కావేరికి కూడు పెట్టేవి ఆ రెండు చెవులే.

మంగళవారం ఆమె వరసగా ఏడు కాల్స్‌లో “కస్టమర్ మాట్లాడలేదు” అని రాసి పంపింది. బుధవారం పొద్దున్నే పై అధికారి శశిధర్ ఫోన్ చేశాడు.

“కావేరి గారూ, మూడో ఫైల్‌లో కస్టమర్ పదకొండు నిమిషాలు ఆపకుండా తిట్టాడండీ. మీరేమో మాట్లాడలేదని రాశారు. అసలు వింటున్నారా?”

“హెడ్‌ఫోన్స్ పోయాయి సార్. ఎడమవైపు రావట్లేదు.”

“సరే, సోమవారం లోపల ఏదో ఒకటి చూసుకోండి. ఇంకోసారి ఇలా అయితే నేను కూడా ఏం చెయ్యలేను.”

ఆ సాయంత్రం గౌరి హెడ్‌ఫోన్లు తీసుకుని చూసింది. అవీ అంతే. గౌరిది పెద్దపల్లి, సివిల్స్‌కు చదువుతోంది, క్లాసులన్నీ ఆ హెడ్‌ఫోన్లలోనే వింటుంది.

“మంచిగనే ఉన్నయి కదనే! ఇప్పుడే రెండు గంటలు క్లాసు ఇన్న,” అంది గౌరి.

“నీకు అలవాటైపోయి తెలీట్లేదు. ఎడమది పోయింది.”

“ఆఁ, ఆడరాక మద్దెల ఓడన్నదట నీ అసొంటిదే ఒకతి.”

కావేరి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎడమ చెవి మీదికి జుట్టు లాక్కుంది.

ఎందుకంటే, సోమవారం నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో గుయ్‌మని ఒకటే రొద. జలుబు చేసిందేమో అనుకుంది. ఫోన్లో అమ్మకు చెబితే, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పొయ్యమంది. పోసింది. తర్వాత స్నానాల గదిలో తలుపు వేసుకుని, కుడి చెవి పక్కన వేళ్ళు రుద్దింది. గరగర వినిపించింది. ఎడమ చెవి పక్కన రుద్దింది. వేళ్ళు కదులుతున్నాయని చర్మానికి తెలిసింది గాని చెవికి తెలియలేదు. ఆ పరీక్ష ఆమె మళ్ళీ చెయ్యలేదు, గౌరికి చెప్పనూ లేదు.

భయం ఎన్ని వేషాలైనా వేస్తుంది. కావేరి దగ్గర అది బజారుకు బయల్దేరే వేషం వేసింది. ఇక హెడ్‌ఫోన్లు వద్దు, బల్ల మీద పెట్టుకునే స్పీకర్లు కొంటానంది. లాప్‌టాప్‌కు అటొకటి ఇటొకటి పట్టేంత చిన్నవి కావాలి, మాట స్పష్టంగా రావాలి, మూడు వేలు దాటకూడదు. రెండు రోజులు ఫోన్లో వందల అభిప్రాయాలు చదివింది. చదువుతున్నంతసేపూ ఆమెకు ధైర్యంగానే ఉండేది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ కంప్యూటర్ల బజారు నెహ్రూ ప్లేస్‌లో మెట్రో దిగారు. రోడ్డు దాటుతుంటే గౌరి ఆమె చున్నీ పట్టి వెనక్కి లాగింది. ఎడమవైపు నుంచి ఈ-రిక్షా ఒకటి మోకాలికి రాసుకుంటూ పోయింది.

“అంతగనం హారన్ కొడ్తుంటే ఇనవడ్తలేదా?”

“ఏటో ఆలోచిస్తన్నాను,” అంది కావేరి. హారన్ వినిపించింది. కానీ అది కుడివైపు నుంచి వచ్చింది. ఆమె కుడివైపే చూస్తూ దాటింది.

రెండో అంతస్తులో ఇరుకైన కొట్టు. యజమాని భాటియా గారికి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. మాటలకా పాటలకా అని హిందీలోనే అడిగాడు. మాటలకే అంది కావేరి.

“అచ్ఛా. అయితే కింద పెట్టే ఈ పెద్ద డబ్బా నీకు దండగ బేటీ. దుమ్‌దుమ్ తప్ప దానికేం రాదు. రెండు చిన్నవి తీసుకో. గోడకు ఆనించకు, మూతి చెవి వైపు తిప్పి పెట్టు. మాట అద్దంలా వస్తుంది.”

కావేరి తన ఫోన్లోంచి ఒక రికార్డింగు పెట్టించింది. పరీక్ష కోసమే నిన్న గౌరి చేత చదివించి, ఒక మాట ఒకవైపు, ఇంకో మాట ఇంకోవైపు వచ్చేలా తనే అమర్చింది. “ఇది ఎడమ దిక్కు. ఇది కుడి దిక్కు. మంచిగ ఇను,” అంటుంది గౌరి గొంతు.

మొదటి జత పెట్టారు. కుడి దిక్కు ఖంగుమంది. ఎడమ దిక్కు మాత్రం పక్కింట్లో ఎవరో అన్నట్టు అణిగి వచ్చింది.

“ఇందులో ఎడమది డల్‌గా ఉంది అంకుల్.”

రెండో జత పెట్టారు. అంతే. మూడోది బాగా చౌక, పోనీ అనుకుంది. నాలుగోది ఆమె బడ్జెట్‌కు రెండింతలు. దాని ముందుకు కావేరి కుర్చీ జరుపుకుంది. ఇది కూడా చెడిపోయినదే కావాలని ఆమె మనసులో మొక్కుకుంది. చెడిపోయినదే అయింది. అయినా ఆమె గుండె కుదుటపడలేదు.

“ఎడమది బాగోలేదు,” అంది.

“నాకైతె రెండు దిక్కులా ఒక్కతీరుగనే వస్తున్నయి,” అంది గౌరి. ఈసారి వెక్కిరించలేదు.

భాటియా గారు రెండు స్పీకర్లనూ వైర్లతో సహా అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. మళ్ళీ మోగించాడు. ఇంతసేపూ కుడివైపు ఖంగుమన్న స్పీకరు ఇప్పుడు ఎడమకు వచ్చి నీరుగారిపోయింది. ఇంతసేపూ పనికిరాదన్నది కుడికి వెళ్ళి నిక్షేపంగా మాట్లాడింది.

“ఇంకో జత చూపించండి అంకుల్,” అంది కావేరి గబగబా. “తెల్లవి ఉన్నాయి కదా, అవి. ధర ఎంతైనా పర్లేదు.”

“కుడి చెవి గట్టిగా మూసుకో బేటీ.”

“ఎందుకు?”

“మూసుకో.”

కావేరి అరచేత్తో మూసుకుంది. అంతే, కొట్టు బయట బేరాలు, కింద రోడ్డు, పక్క షాపులో ప్రింటరు, అన్నీ ఎక్కడో దూరాన నీళ్ళ అడుక్కి పోయాయి. ఎదురుగా గౌరి పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో తెలియలేదు. చెయ్యి తీసేసరికి లోకమంతా ఒక్కసారి కుడివైపు నుంచి వచ్చి మీద పడింది.

“ఎప్పటి నుంచి?” అన్నాడాయన.

“సోమవారం.” మొదటిసారి నిజం చెప్పింది. “గౌరీ, నాకు సోమవారం నుంచీ వినబడట్లేదే. నాకు భయమేస్తందే.”

భాటియా గారు స్పీకర్లను పెట్టెలో సర్దేశాడు. “వీటిని అమ్మితే నాకు నాలుగు రాళ్ళు మిగులుతాయి. కానీ అమ్మను. మా తమ్ముడు ఇలాగే జలుబనుకుని నెల రోజులు కూర్చున్నాడు. చెవి మళ్ళీ రాలేదు. నువ్వు రేపు కాదు, ఇప్పుడే వెళ్ళు.”

ఆటోలో గౌరి ఎడమవైపు కూర్చోబోయి, దిగి, చుట్టూ తిరిగొచ్చి కుడివైపు కూర్చుంది. దారి పొడుగునా కావేరి చెయ్యి వదల్లేదు.

ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆమెను గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి పేరు ప్రీతి. చేతికి ఒక బొత్తాం ఇచ్చి, కూత ఎంత సన్నగా వినబడ్డా సరే నొక్కమంది. కుడి చెవి పరీక్ష గబగబా అయిపోయింది. తర్వాత కుడి చెవి దొంగసాయం చెయ్యకుండా అందులో హోరు పెట్టి, ఎడమ చెవి మొదలుపెట్టింది.

ఏమీ లేదు. కావేరి ఊపిరి బిగబట్టింది. ఏమీ లేదు. కిటికీ అవతల ప్రీతి ఏదో తిప్పుతోంది, రాసుకుంటోంది. అన్నీ సున్నాలే రాస్తోందేమో అనుకుంది కావేరి. ఇందాకటి కూతల మధ్య ఎడం గుర్తుంది. ఆ ఎడం లెక్కపెట్టి నొక్కింది. మళ్ళీ లెక్కపెట్టి నొక్కింది. విన్నాననే అనుకుంది, ఒట్టు.

తలుపు తెరుచుకుంది. ప్రీతి లోపలికి వచ్చి హెడ్‌ఫోన్లు తీసి, మెల్లగా అంది.

“మేడం, ఇప్పుడు నేనేమీ మోగించలేదు.”

“మీ మెషిన్...” అని మొదలుపెట్టి కావేరి ఆగిపోయింది. మద్దెలలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది తనే.

డాక్టరు కాగితం చూసి, చెవిలోని నరం దెబ్బతిందన్నాడు. పది రోజులకు మాత్రలు రాశాడు. “మొదటి రోజే వచ్చి ఉంటే బాగుండేది. ఇప్పటికీ మించిపోలేదు. కానీ తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను.”

ఆ రాత్రే శశిధర్‌కు నిజం చెప్పేసింది. “ముందే చెబితే పోయేది కదండీ. రెండు గొంతులూ ఒకే వైపు కలిపి పంపిస్తాను. చూసుకోండి,” అన్నాడు. ఉద్యోగం నిలబడింది. ఆ నాలుగు రోజుల అబద్ధం దేనికి పనికొచ్చిందో, ఎన్ని రోజుల వైద్యాన్ని మింగిందో తలుచుకుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

పది రోజులూ చెవి పక్కన వేళ్ళు రుద్దుకోలేదు. వినబడకపోతే ఏం చెయ్యాలో తెలియక రుద్దుకోలేదు.

పదో రోజు మళ్ళీ అదే గది, అదే బొత్తాం. ఈసారి లెక్కపెట్టకూడదని బొటనవేలిని బొత్తానికి దూరంగా పెట్టుకుంది. కుడి చెవిలో హోరు మొదలైంది. ఎడమవైపు ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. గాజు అవతల గౌరి నిలబడి చూస్తోంది. కావేరి కళ్ళు మూసుకుంది.

ఎక్కడో, బాగా అడుగున, ఏదో అన్నట్టయింది. నొక్కలేదు. ఇది భయం చేసే మోసమే అనుకుంది. మళ్ళీ అన్నట్టయింది. నొక్కితే, తలుపు తెరిచి ఆ పిల్ల మళ్ళీ అదే మాట అంటే? మూడోసారి వచ్చింది. నొక్కింది.

తలుపు తెరుచుకుంది. కావేరి కళ్ళు తెరవలేదు. ప్రీతి వచ్చి, కుడివైపు హెడ్‌ఫోను మాత్రం పక్కకు జరిపింది.

“ఈసారి మోగించాను మేడం. మూడుసార్లూ.”

కావేరి భోరుమంది. ప్రీతి ఆమె భుజం తట్టి, మిగతా కూతలు ఇంకా ఉన్నాయంది. కావేరి కళ్ళు తుడుచుకుని, బొటనవేలు మళ్ళీ బొత్తాం దగ్గరికి తెచ్చుకుంది.