డాక్టరమ్మ అడిగిన మాట

డెబ్బై తొమ్మిదేళ్ల ఎవ్తిమ్‌ని ఇంతవరకు ఏ డాక్టరూ అలా అడగలేదు. పాత డాక్టరు బీపీ చూసేవాడు, చీటీ రాసేవాడు, "తర్వాతెవరు?" అంటూ తలుపు వైపు చూసేవాడు. ఆయన రిటైరయ్యాక కొత్తగా వచ్చిన మిల్కానా మాత్రం బీపీ పట్టీ విప్పి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీకేం కావాలి, ఎవ్తిమ్ గారూ?"

"మందులు."

"మందులు సరే. ఒంట్లో బాగుంటే ఏం చేయాలనుంది మీకు?"

తెలియాల్సింది ఈవిడకు కదా, నన్నడుగుతుందేంటి అనుకున్నాడు. ఆలోచించుకుని వారం తర్వాత చెప్పమని ఆమె పంపించేసింది.

ఇంటికొచ్చేసరికి భార్య త్సోంకా వాకిట్లో మిరపకాయలు కాలుస్తోంది. విషయం విని పట్టకారు పక్కన పెట్టింది.

"ఆసుపత్రిలో మా అక్కనీ అలాగే అడిగారు. పుచ్చకాయ కావాలంది. మూడోరోజుకి పోయింది."

"నాకు బాగానే ఉందే."

"అక్కా అదే మాటనేది."

మర్నాడు పొద్దున్నే ఎవ్తిమ్ పక్కింటి రాదోయ్‌ని పిలిచి, కొండమీదున్న తన ఐదు తేనెపెట్టెలూ తీసుకోమన్నాడు. వేసవి మొదట్లో అక్కడికి ఎక్కుతూ కళ్లు తిరిగి పడ్డాక ఆయన మళ్లీ వెళ్లలేదు.

"ఉన్నట్టుండి ఏంటి బాబాయ్?"

"అడక్కు."

తర్వాత, పోయాక తొడగడానికని దాచుకున్న నల్లకోటు బీరువాలోంచి తీసి దులిపాడు. త్సోంకా సూదీ దారం తెచ్చి గుండీలు గట్టిగా కుట్టింది. ఆ వారమంతా ఆమె ఒక్కసారీ ఆయన్ని కసరలేదు. దాంతో ఆయనకు భయం మరీ ఎక్కువైంది.

ఆ కోటుతోనే మళ్లీ డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

"ఇంకెన్నాళ్లమ్మా?"

"దేనికి?"

"నాకు."

మిల్కానా కాగితాలు చూసింది, కోటు చూసింది. అర్థమయ్యాక ఆమె ముఖం ఎర్రబడింది. "మీకేం కాలేదండీ. మీకు ఏది ముఖ్యమో తెలిస్తే, దాన్నిబట్టి మందులు ఇవ్వొచ్చని అడిగాను."

ఎవ్తిమ్ కోటు గుండీలు విప్పుకున్నాడు. "తేనెపెట్టెల దగ్గరికి ఎక్కాలనుంది. లేచి నిలబడితే చాలు, నేల తిరుగుతోంది."

"ఈ మాట ముందెందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?"

ఆమె ఆయన్ని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే అది బాగా పడిపోతోంది. ఆయన రోజూ వేసుకునే తొమ్మిది మాత్రల్లో ఒకటి ఆపేసింది, ఇంకోటి సగం చేసింది. పదిరోజుల తర్వాత మళ్లీ రప్పించి చూసి, మెల్లగా ఎక్కమంది.

దారిలో రెండుసార్లు కూర్చుని ఎవ్తిమ్ కొండెక్కాడు. పైన రాదోయ్ ఉన్నాడు.

"ఇచ్చేశావుగా బాబాయ్?"

"పోతున్నాననుకుని ఇచ్చాను."

"మరిప్పుడు?"

"ఇప్పుడేంటో నాకూ తెలీట్లేదురా."

రాదోయ్ నవ్వి, తేనెటీగలు కుట్టకుండా పొగపెట్టే డబ్బా ఆయన చేతికిచ్చాడు. పెట్టెలు ఎవరివో ఆరోజు తేలలేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మొదటి మూత ఎత్తారు.