బాతులు తోలే అల్లుడు

హారియెట్ ఇంట్లో వసంతకాలపు బాతుల విందుకు ఒక కట్టుబాటు ఉంది. బాతు కొట్టి తెచ్చినవాళ్లది మొదటి బంతి. తేనివాళ్లు పిల్లలతో పాటు ఆఖరి బంతిలో తినాలి. సింక్లేర్ ఆ ఇంటి అల్లుడై ఏడేళ్లయింది. ఏడేళ్లూ చిన్న బల్ల ముందు, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, పిల్లల మధ్యనే కూర్చున్నాడు. నలభై మూడేళ్ల మనిషికి అదెంత నామోషీయో వేరే చెప్పాలా?

వేట రాక కాదు. ఊరి విమానాశ్రయం అతని చేతిలో ఉంది, అదీ చిక్కు. జేమ్స్ బే అనే ఆ ఉత్తరపు సముద్రం ఒడ్డున మే నెలలో ఎటు చూసినా మంచే. చలికాలమంతా గీకి గీకి శుభ్రం చేసిన రన్‌వే ఒక్కటే నేల కనబడే చోటు. దక్షిణం నుంచి వచ్చే అడవిబాతులన్నీ బొట్టు పెట్టి పిలిచినట్టు అక్కడే దిగుతాయి. ఊరంతా బడికీ ఆఫీసుకూ తాళాలు వేసి మాటుల్లో కూర్చుంటే, సింక్లేర్ మాత్రం ఉత్త చప్పుడు చేసే తుపాకీ ఒకటి పట్టుకుని వాటిని తోలుతూ ఉండాలి. కంచె లోపల వేట నిషిద్ధం. వందలకొద్దీ బాతుల మధ్య తిరుగుతూ ఒక్క ఈకైనా ఇంటికి తేలేని వేటగాడు ఇతనొక్కడే.

“మా అల్లుడు బాతుల్ని బతికిస్తాడమ్మా. ధర్మాత్ముడు,” అని అత్తగారు హారియెట్ వచ్చేపోయేవాళ్లందరితో అనేది.

ఈ ఏడు కౌన్సిల్ వాళ్ల కాళ్లావేళ్లా పడి ఒక్కరోజు సెలవు సంపాదించాడు. అతని బదులు నిలబడటానికి బావమరిది ఎల్మర్ ఒప్పుకున్నాడు.

“పనేముంది బావా. బాతులొస్తే పేల్చాలి, అంతేగా.”

“పైకి పేల్చాలి. చప్పుడుకే ఎగిరిపోతాయి.”

“బాతుల సంగతి నాకా చెప్తున్నావ్?”

పొద్దున్నే అత్తగారు కూడా బయల్దేరి వచ్చి, మంచుదిమ్మలతో కట్టిన మాటులో అల్లుడి పక్కనే కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. “చూసి తరిద్దామని వచ్చాలే,” అంది. అతని నడుముకున్న రేడియో చూసి, “అదెందుకు? బాతులకి కబురు చేస్తావా?” అని అడిగింది.

పదకొండయింది. ఒక్క పిట్ట రాలేదు. రేడియో మాత్రం మోగింది. పట్నం నుంచి వస్తున్న విమానం నడిపే మార్గో మాట్లాడుతోంది.

“సింక్లేర్, రన్‌వే నిండా బాతులే. పక్కన మీవాడెవడో బోర్లా పడున్నాడు. బతికే ఉన్నాడా?”

సింక్లేర్‌కు క్షణంలో అర్థమైంది. ఎల్మర్ అయిదో ఏటినుంచీ వేటగాడు. బాతు కనబడితే కదలకుండా బోర్లా పడుకుని, బాతు గొంతుతో కూసి పిలవడం అతని రక్తంలో ఉంది. గుంపు తలమీదికి వచ్చేసరికి తను ఏ ఉద్యోగంలో ఉన్నాడో మరచిపోయి, పడుకుని కూశాడు. బాగా కూస్తాడు కూడా. ఆ చుట్టుపక్కల తిరిగే బాతులన్నీ వచ్చి వాలాయి.

“పది నిమిషాలు చూస్తా. తర్వాత నర్సునీ సరుకుల్నీ వెనక్కి తీసుకుపోతా,” అంది మార్గో.

ఏడేళ్లకు దొరికిన ఒక్కరోజు. సింక్లేర్‌కు ఏడుపొక్కటే తక్కువ. తుపాకీ అత్తగారి ఒళ్లో పెట్టి మంచుబండి ఎక్కాడు.

“వెళ్తున్నావా?”

“వెళ్లకపోతే ఎలా అత్తయ్యా? నర్సు ఆకాశంలోనే ఉంది.”

ఆమె ఎత్తిపొడవలేదు. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.

కంచె దాటగానే ఎల్మర్ పక్కన పడున్న చప్పుడు తుపాకీ అందుకుని రెండుసార్లు పేల్చాడు. బాతులు ఒక్కపెట్టున లేచాయి.

“అయ్యో, ఎందుకు బావా లేపేశావ్? ఇంకో గుంపు దిగబోతుంటే,” అన్నాడు ఎల్మర్, మంచులోంచి తల ఎత్తి.

విమానం పడమటినుంచి వస్తోంది. కాబట్టి బాతుల్ని తూర్పుకే తోలాలి. తోలాడు. అతని మాటూ అటే ఉంది. కాసేపటికి అటునుంచి వరసగా అయిదు తుపాకీ చప్పుళ్లు వినిపించాయి. సింక్లేర్ కళ్లు మూసుకున్నాడు. అతని మాటులో కూర్చుని, అతని తుపాకీతోనే, అత్తగారు నాలుగు బాతులు కొట్టింది.

ఆదివారం విందు. తాళ్లకు వేలాడదీసిన బాతులు నిప్పుల ముందు తిరుగుతూ కాలుతున్నాయి. సింక్లేర్ ఎవరూ చెప్పకుండానే చిన్న బల్ల వైపు నడిచాడు.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“నా బంతికి.”

“ఇటు రా. ఇక్కడ కూర్చో. మొన్న పొద్దుటినుంచీ ఆ మాటులో ఈగని కూడా చూళ్లేదు. నువ్వెళ్లి పేల్చావు, ఆకాశం నిండిపోయింది. ఇన్నేళ్లూ మనవాళ్ల నెత్తిమీదికి బాతులు వాటంతటవే వస్తున్నాయనుకున్నా. నా బుద్ధి గడ్డి తింది.”

“ఈ ఏడు మిగతా రోజుల్లో నేను పద్నాలుగు కొట్టాను కదమ్మా,” అన్నాడు ఎల్మర్.

“కొట్టావు. నీ దగ్గరికి తోలిందెవరు? నీకు తోలే పనిస్తే ఏం చేశావు? పో, చిన్న బల్ల దగ్గర చోటుంది.”

మొదటి పళ్లెం సింక్లేర్ ముందుకు వచ్చింది. ఆఖరి బంతికి చేరేసరికి మాంసం ఎప్పుడూ చల్లారిపోయి ఉండేది. ఆ అలవాటుకొద్దీ పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చుర్రుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం మంటకి, సగం సంతోషానికి.

“ఏమైంది?” అంది భార్య లోయిస్.

“వేడిగా ఉంది,” అన్నాడు, తినడం ఆపకుండానే.