కిటికీ గుడ్డ

ఈరోజు కిటికీ తుడిచిన గుడ్డకు నీలం అంటింది. నిన్న ఎరుపు. మా వంటింటి కిటికీ కింద కార్లకు రంగులు కొట్టే షెడ్డు ఉంది. వాళ్ళు ఏ రంగు కొడితే ఆ రంగు మా గట్టు మీదా, గిన్నెల మీదా, నా గొంతులోనూ దిగుతుంది. కిటికీ మూస్తే పొయ్యి సెగకు ఊపిరాడదు, తెరిస్తే రంగు వాసనకు ఆడదు. ఉబ్బసం మనిషి వంట చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎవరు వెతికిపెడతారు!

వెతికిపెట్టింది మా ఆయనే. ఆఫీసుకు నడిచి వెళ్ళిపోవచ్చట. "ముందు ఇల్లు మారండి, మందులు ఎంతకని పనిచేస్తాయి?" అని డాక్టరమ్మ చెప్పినప్పుడు బుద్ధిగా తలూపి, బయటికి రాగానే "ఆవిడకేం, చెబుతుంది. రోజూ బస్సులో వేలాడాల్సింది నేను కదా" అన్నారు. రోజంతా ఏసీలో కూర్చుని వచ్చే మనిషికి ఈ వాసన ఎక్కడ తెలుస్తుంది? "నాకేం రావట్లేదే" అంటారు, అన్నం కలుపుకుంటూ.

పోయిన నెల అక్క వాళ్ళింట్లో వారం ఉన్నాను. వాళ్ళ వీధిలో చెట్లున్నాయి, షెడ్లు లేవు. ఇన్‌హేలర్ సంచిలోంచి తియ్యనే లేదు. తిరిగొచ్చాక ఎంత సంబరపడి చెప్పానో! ఇక ఇల్లు మారుస్తారనుకున్నాను, పిచ్చిదాన్ని. "చూశావురా, అక్కడ రాని ఆయాసం మనింటి గిన్నెలు చూడగానే వస్తుంది" అంది అత్తయ్య. ఆయన నవ్వారు. అప్పటినుంచి నేను దగ్గితే ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, నిజంగానే నటిస్తున్నానా అని.

ఇవాళ మధ్యాహ్నం మా పాప వంటింట్లో నా పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటూ దగ్గింది. ఆగి, మళ్ళీ దగ్గింది. దగ్గు చివర సన్నటి ఈల. ఆ ఈల నాకు తెలుసు.

"అమ్మను చూసి నేర్చుకుంటోంది" అంది అత్తయ్య, టీవీ ముందు నుంచి లేవకుండానే.

పాప ముక్కు తుడిచాను. చేతిరుమాలుకు నీలం అంటింది. పాపకు ఐదేళ్ళు. నటించడం ఇంకా రాదు.

దాని గౌన్లు నాలుగు సంచిలో కుక్కాను. అక్క ఎన్నాళ్ళు ఉంచుకుంటుందో తెలియదు, బావగారు ఏమంటారో తెలియదు. తలచుకుంటేనే ఏడుపొస్తోంది. గుమ్మం దగ్గర అత్తయ్య అడ్డొచ్చింది.

"వాడొస్తే ఏం చెప్పను? మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

చెప్పాలంటే చాలా ఉంది. కానీ రెండంతస్తులు దిగాలి, చంకలో పిల్ల. ఉన్న కాస్త ఊపిరినీ మెట్లకోసం దాచుకున్నాను.