తూకానికి వేసిన ఇనుము

మా ఆయన యలమందయ్యకు బ్రిటిషు పట్టాళం తుపాకులంటే పిచ్చి. ఊళ్ళో మగవాళ్ళు ఎడ్లను చూసుకుని మురిసిపోతుంటే, ఈయన 1917 అని ముద్ర ఉన్న రైఫిలు కర్రకు అవిసె నూనె రాసి మురిసిపోయేవాడు. పదేళ్ళలో మూడు పోగుచేశాడు. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, రెండు రెండో యుద్ధానివి. మూడింటికీ లైసెన్సు ఉంది. పేల్చింది మాత్రం ఏనాడూ లేదు.

"ఇవి పేల్చేందుకు కాదే రాఘవా, చూసుకునేందుకు" అనేవాడు నాతో. పెళ్ళాన్ని ఎప్పుడన్నా అట్లా చూశాడేమో ఆయనే చెప్పాలి.

రెండు వేల మూడు వేసవిలో నక్సలైట్లు పక్క ఊళ్ళో ఒకాయన లైసెన్సు తుపాకి పట్టుకుపోయారు. మర్నాడు పోలీసులొచ్చి, నువ్వే ఇచ్చి ఉంటావంటూ ఆ పోగొట్టుకున్నాయన్నే పట్టుకుపోయారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ భయంతో మా ఆయన నాకు కూడా చెప్పకుండా మూడు తుపాకుల బోల్టులూ ఊడదీశాడు. తలుపు గడియలా ముందుకీ వెనక్కీ జరిగే ఆ ఇనప ముక్క లేకపోతే తుపాకి ఉత్త దుడ్డుకర్రేనట. వాటిని గుడ్డలో చుట్టి, గట్టిగా కుట్టి, గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పంపే మిరపకాయల బస్తాల్లో ఒకదాంట్లో దాచాడు. మిరపకాయల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టే మొనగాడు ఎవడుంటాడని ఆయన ధీమా.

మరుసటి ఏడు మార్చిలో, ఒంగోలులో ఎవరి దగ్గరో నాలుగోది ఉందంటే చూడ్డానికి వెళ్ళాడు. అదే రోజు మా వ్యాపారి నాగూర్ వలి ఫోన్ చేశాడు. ధర బాగుంది, సరుకు ఇచ్చేయమన్నాడు. ఇరవై ఏళ్ళుగా మా కాయ ఆయనకే. పిడికెడు శాంపిలు చూస్తాడంతే, లోపలి కాయ చూడ్డానికి బస్తా కోయించడు. యలమందన్న బస్తా కోస్తే మా అమ్మను అనుమానించినట్టే అనేవాడు. సరుకు విడిపించుకునే కోల్డ్ స్టోరేజీ బాండు నేను ఆయన మనిషికి ఇచ్చి పంపాను. ఈయన్ని అడక్కుండా ఒక్క పనన్నా చెయ్యాలన్న ఉక్రోషం కూడా ఉందనుకోండి.

తిరిగొచ్చి సంగతి విని అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు బోల్టుల సంగతి బయటపెట్టాడు. ఆ సాయంత్రమే స్టేషను నుంచి కబురొచ్చింది. ఎన్నికలు గనక లైసెన్సు తుపాకులన్నీ శుక్రవారంలోగా అప్పగించాలి. స్టేషన్లో లెక్కలు రాసే రైటరు ప్రతి బోల్టు మీదా నంబరు చూసి రాసుకుంటాడు. బోల్టులు లేవంటే నక్సలైట్లకే ఇచ్చావంటారు. బస్తాలో పెట్టి ఊరు దాటించానన్నా కేసే.

గురువారం పొద్దున్నే ఇద్దరం గుంటూరు వెళ్ళాం. మా బస్తాలు అప్పటికే వలి తొడిమలు తీయించే షెడ్డుకు చేరాయి. నలభై మంది ఆడవాళ్ళు, హమాలీలు, మరో ఇద్దరు వ్యాపారులు. ఏం వెతకడానికి వచ్చామో ఎవరికీ చెప్పలేం. ఘాటుకు అందరి కళ్ళలోనూ నీళ్ళే కాబట్టి నా ఏడుపు ఎవరికీ తెలియలేదు.

వెతికే పని లేకపోయింది. మూట వలి ముందున్న బల్ల మీదే ఉంది.

"మా సంతోషకుమారికి దొరికిందన్నా, మీ బస్తాలో" అన్నాడు వలి.

"బరువుగా ఉందని తెచ్చిచ్చానండీ" అంది తొడిమలు తీస్తున్న ఆ అమ్మాయి.

"ఏందన్నా ఇది?" వలి మొహంలో ఇంకా అనుమానం లేదు. బస్తా కుట్లు కోసే కత్తి తీసి మూట కుట్టు మీద పెట్టాడు.

ఆ గుడ్డ తెగితే అందరూ చూస్తారు. సాయంత్రానికి మాట స్టేషనుకు చేరుతుంది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇనుమే వలీ. తూకానికి వేశా" అన్నాడాయన.

కత్తి ఆగింది. తొడిమలు తుంచే చేతులు కూడా ఆగాయి.

"నువ్వా అన్నా?"

"నేనే."

మా ఆయన జన్మలో ఒక్క కాయ తేడా చెయ్యలేదని అరవాలనిపించింది. అరిస్తే ఆయన జైలుకు పోతాడు. నోరు నొక్కుకున్నాను. అడక్కుండా అమ్మింది నేను, దొంగైంది ఆయన.

వలి మూట తీసి ఆయన చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళండి యలమందయ్య గారూ" అన్నాడు. ఇరవై ఏళ్ళలో మా ఆయన్ని గారూ అనడం అదే మొదలు.

శుక్రవారం రైటరు మూడు నంబర్లూ సరిచూసి రసీదు రాశాడు. "భలే ఉంచావయ్యా, ఎక్కడా మచ్చ లేదు" అన్నాడు.

ఎన్నికలయ్యాక తుపాకులు తిరిగి ఇంటికొచ్చాయి. మీరే ఉంచుకోండని పోలీసుల్ని బతిమాలితే, లైసెన్సు ఉన్నవాడెవడైనా కొనేదాకా అవి నీవేనన్నారు. కొనేవాడు లేడు. తుప్పు పడితే సంజాయిషీ చెప్పుకోవాలని ఇప్పటికీ నూనె రాస్తాడు. వాటివంక చూడకుండా రాస్తాడు.

ఆ తరవాతి ఏడు కాయ గుంటూరు మిర్చి యార్డుకు తోలాం. ఇంకో వ్యాపారి దగ్గరికి పోదామంటే, ఈ మాట చేరని కొట్టు గుంటూరులో లేదు. మా వంతు రాగానే వలి తల పక్కకు తిప్పుకుని హమాలీని పిలిచాడు. వాడు కత్తి తీసుకుని మా డెబ్బై బస్తాల కుట్లూ వరసగా కోసుకుంటూ వచ్చాడు. మా ఆయన వాడి వెనకే నడుస్తూ, ఒక్కో బస్తా మూతి తనే విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి కాయ తీసి చూపించాడు.