క్యాసెట్టు చివర పాట

ఒకప్పుడు తనతో పెళ్ళి కుదిరిన రగబ్ ఆ పాటను కావాలనే పంపాడా అన్న సందేహం ఇన్సాఫ్‌ను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. ఆమెకు వేరొకరితో పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. అయినా నుదురు నేలకు ఆనించినప్పుడు ఒక్కోసారి ఆ పల్లవే చెవిలో మోగేది: "నా మాట నమ్మకు పిల్లా, రేపటికి నేనుండను."

ఈజిప్టులోని దుమ్యాత్ నుంచి, యుద్ధం నడుస్తున్న ఇరాక్‌లోని బస్రాకు వడ్రంగి పనికి వెళ్ళినవాళ్ళు ఆ రోజుల్లో ఉత్తరాలు రాసేవారు కారు. క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. రగబ్ పంపిన మూడో క్యాసెట్టులో అతని గొంతు పావుగంట వినిపించింది. పెళ్ళి మంచానికి మంచి చెక్క చూశానన్నాడు. మాట మధ్యలో తెగి, పాట మొదలైంది.

"నోటితో చెప్పలేక పాటతో చెప్పించాడే!" అంది ఇన్సాఫ్ తల్లి.

మర్నాడే నిశ్చితార్థపు బంగారం మూటగట్టి తిప్పి పంపేశారు. మూడు నెలలకు రగబ్ శవపేటిక వచ్చింది. ఇన్సాఫ్ పరామర్శకు వెళ్ళలేదు.

ఇప్పుడు రగబ్ తల్లి పోయింది. ఇన్సాఫ్ వెళ్ళింది.

"రా వదినా, రా! ఇన్నాళ్ళకి మా గుమ్మం గుర్తొచ్చిందా?" అంది రగబ్ చెల్లెలు నఈమా.

చావింట పరామర్శకు వచ్చినవాళ్ళకిచ్చే చక్కెర లేని కాఫీ తాగి, ఆడవాళ్ళందరూ వెళ్ళేదాకా ఆగి అడిగింది ఇన్సాఫ్. "ఆ పాట ఎందుకు పంపాడే మీ అన్నయ్య?"

"ఏం పాట?"

చెప్పింది. నఈమా నోరు తెరుచుకుని చూసింది.

"పిచ్చిదానా! మావాడు కొత్త క్యాసెట్లు కొనే మొహమా? పాత పాటలవి తెచ్చి, మళ్ళీ రికార్డయ్యేలా బెజ్జాలకి కాగితం అంటించి వాటి మీదే మాట్లాడేవాడు. వాడు రికార్డు ఆపిన చోట కింది పాట బయటపడేది. అమ్మకొచ్చినదాని చివర డాన్సు పాట! కొడుకే పంపాడని చప్పట్లు కొట్టేది పాపం."

"మరి బంగారం సంగతి..."

"వాడికి తెలిసింది. సెలవు పెట్టినవాడు ఊరికి రావడం మానుకున్నాడు. ఇంకెవరి కోసం రావాలి అన్నాట్ట. ఆ సెలవు నెలలోనే వాడుండే చోట బాంబు పడింది."

ఇది దేవుడు రాసిన రాతా, తాను రాసిందా? ఇన్సాఫ్‌కు తేలలేదు. లేచి నఈమా చెయ్యి పట్టుకుని, ఆనాడు చెప్పని పరామర్శ మాట చెప్పింది.

"రగబ్ పోయాడు. అతని మిగిలిన ఆయుష్షు దేవుడు నీకివ్వాలి."

"నీకూ ఇవ్వాలి," అంది నఈమా. ఇంకో కప్పు తెచ్చి ముందుంచింది. "ఇందాకటిది అమ్మకి. ఇది వాడికి. తాగు."

ఇన్సాఫ్ అడుగున మడ్డి కనిపించేదాకా తాగింది.