పాడి చూడని సంచిక

నేను ఒక శ్రుతిపెట్టెను. నాకు వచ్చిన స్వరాలు రెండే, స, ప. ఆ రెంటితోనే తెనాలిలో ‘నాదవేణి’ అనే సంగీత మాసపత్రికలో అరవై ఆరేళ్లు ఉద్యోగం వెలగబెట్టాను. నవ్వకండి, అంతకంటే తక్కువ తెలిసి సంగీతసభలకు అధ్యక్షత వహించినవాళ్లను చూశాను.

బెజవాడలో ఒక హార్మోనియంల మేస్త్రీ నన్ను టేకుచెక్కతో, తోలుతిత్తితో తయారుచేశాడు. పత్రిక పెట్టిన కందాళ వేదాంతంగారు కొనుక్కొచ్చి, ప్రూఫులు దిద్దే బల్లమీద కూర్చోబెట్టారు. ఆయనది ఒకటే పట్టు. స్వరాలతో అచ్చయ్యే పాట ప్రూఫు చదివితే చాలదు, పాడి చూడాలి. ఆయన కూతురు తాయారు నా తిత్తి ఆడిస్తూ పాడేది. కంపోజిటర్ మస్తాన్ గుమ్మంలో నిలబడి వినేవాడు. ఆమె గొంతు ఎక్కడ తడబడితే అక్కడ తప్పు పడిందని గుర్తుపెట్టుకుని, వెళ్లి ఆ అచ్చక్షరం మార్చేవాడు.

అంత చేసినా ఎప్పుడైనా ఒక స్వరం తారుమారైతే పాఠకులు ఉతికి ఆరేసేవారు. బొబ్బిలి నుంచి, నెల్లూరు నుంచి కార్డులు వచ్చిపడేవి. ఒకసారి ఒక నాదస్వర విద్వాంసుడు బస్సెక్కి వచ్చి మరీ దెబ్బలాడి, భోజనం చేసి వెళ్లాడు. వేదాంతంగారు ఆ తిట్లన్నీ భద్రంగా దాచుకునేవారు. తిట్టేవాడు ఉన్నాడంటే ఎక్కడో ఇంట్లో కూర్చుని పాడుకునేవాడు ఉన్నట్టేనని ఆయన నమ్మకం.

ఆయన పోయాక తాయారమ్మే సంపాదకురాలైంది. కొన్నేళ్లకు సీసం అక్షరాలు పాతసామాన్లవాడికి వెళ్లిపోయాయి, మస్తాన్ ఇంటిపట్టున ఉండిపోయాడు, పేజీలు గుంటూరులో కంప్యూటర్ మీద తయారవడం మొదలైంది. అయినా ప్రూఫు పాడటం మాత్రం ఆమె మానలేదు. కిందటేడు కంటి ఆపరేషన్ జరిగినప్పుడు, ఒక్క నెలకేం కాదులే అనుకుని సంచికను పాడకుండానే పంపేసింది. కట్టు విప్పాక నన్ను తెరిచి, అచ్చయి వచ్చిన మోహన కీర్తన ఎత్తుకుంది. చరణం దగ్గర గొంతు ఆగిపోయింది. గుంటూరులో కంప్యూటర్‌లోంచి చెరపడం మరిచిన పాత సంచికలోని కల్యాణి స్వరాలు, మ, నిలతో సహా అక్కడ అచ్చయి ఉన్నాయి. మోహనలో మ, ని ఉండవని పాఠం మొదలెట్టిన పిల్లలకు కూడా తెలుసు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. క్షమాపణ రాసిపెట్టుకుని, రాబోయే తిట్ల కోసం ఎదురుచూసింది.

వారం గడిచింది, నెల గడిచింది. పోస్ట్‌మాన్ సైకిల్ చప్పుడైతే చాలు, లేచి గుమ్మంలోకి వెళ్లేది. చివరికి ఒక కార్డు వచ్చింది. ముప్పై ఏళ్లుగా పత్రిక తెప్పించుకుంటున్న ఒకాయన రాశాడు. మోహన కీర్తన అమోఘమట, ఇలాంటివి ఇంకా వెయ్యాలట. తాయారమ్మ కుర్చీలో కూలబడింది. నాకూ ఏడుపు వచ్చింది. కానీ ఇంకొకరు తిత్తి ఆడిస్తేగాని నాకు ఊపిరే ఆడదు, ఇక ఏడవడం ఎక్కడ!

మర్నాడు మస్తాన్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చంకలో ఆ సంచికే ఉంది. అతను పాడలేడు. రాగాలు చెవికి తెలిసినదానికంటే చేతికే ఎక్కువ తెలుసు.

“తాయారమ్మా, నలభై ఏళ్లు కంపోజ్ చేశాను. మోహన అంటే నా చెయ్యి అచ్చక్షరాల పెట్టెలో మ గడిలోకి ఎప్పుడూ పోలేదు. ఇందులో మ ఎట్టా వచ్చిందమ్మా?” అన్నాడు.

ఆమె ముందురోజు వచ్చిన కార్డు తీసి అతని చేతిలో పెట్టింది.

“ఇన్ని ఊళ్లకు పోతే అడిగినవాడివి నువ్వొక్కడివే మస్తాన్. ఎవరూ పాడట్లేదు. ఇంక ఆపేద్దాం” అంది.

క్షమాపణ చింపేసింది. తర్వాత నన్ను తెరిచి, చరణాన్ని సరైన స్వరాలతో అతనికి పాడి వినిపించింది. అతను పాత అలవాటు కొద్దీ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. దిద్దాల్సిందేమీ లేకపోయినా అతను కాసేపు అక్కడే ఉన్నాడు.

నేనిప్పుడు బీరువాలో, పాత సంచికల కట్టల పక్కన ఉన్నాను. తిత్తిని ఎలుకలు కొరికేశాయి. పత్రిక ఆగిపోయి పద్నాలుగు నెలలైంది. ఈ నెల సంచిక అందలేదేమని అడుగుతూ ఇంతవరకూ ఒక్క కార్డూ రాలేదు.