ఒంటె మెడ

చేతిల పాల క్యాను లేకుంట మా లక్డారంల ఆడది ఉరకొద్దు. ఇది ఎవలో పెట్టిన కానూను కాదు. ఆడది ఉరికిందంటే ఎవలో సచ్చిండ్రు, లేకుంటే గడ్డివాము అంటుకున్నది, అదీ గాకుంటే బర్రె తాడు తెంపుకున్నది. ఇంకో కారణం మా ఊరోళ్లకు తోచదు. అందుకే నేను, ఎల్సీ పొద్దుగాల ఉరకబోయినప్పుడల్లా తలా ఒక క్యాను పట్టుకొని పోయేటోళ్లం. పాల కేంద్రం ఊరికి ఇటు దిక్కు, మేము ఉరికేది అటు దిక్కు. అయినా క్యాను కండ్లవడితే చాలు, ఒక్కలు కూడా అడగకపోయేది.

ఎల్సీ మా వాడ చివర చర్చి పక్కన ఉంటది. మందుల కంపెనీల నా పక్కనే నిలబడి డబ్బాలు ప్యాకు చేస్తది. డ్యూటీ ఉన్నంతసేపు మేము నిలబడుడే. బాత్‌రూంకు పోతే సూపర్‌వైజర్ "మల్లనా?" అంటడు, మేమేదో ఆయన ఇంట్ల నీళ్లు తాగొచ్చినట్టు. ఒకనాడు నా కాళ్లు బూరెల లెక్క ఉబ్బినయి. ఎల్సీ చూసి, "బక్కక్కా, నిలబడీ నిలబడీ ఈ కాళ్లు మనం మనుషులమని మరిచినయి. జెర ఉరికిద్దాం పా" అన్నది. మా నాయనమ్మ పేరని నాకు బక్కమ్మ అని పెట్టిండ్రు గని, నన్ను చూసినోళ్లకు ఆ పేరు నమ్మబుద్ధి కాదు. నేను ఉరికితే ఊరి గోడలకు పగుళ్లొస్తయని నాకే భయం. అయినా నా బిడ్డ రుచిత పీటీ బూట్లు తొడుక్కొని పోయిన.

మేము ఉరికేది మూతబడ్డ కంకర క్వారీల. అది ఎంత లోతంటే, పైన నిలబడి తుమ్మి, కిందికి ఉరికిపోయి ఆ తుమ్ము మనమే వినొచ్చు. రెండు దిక్కుల నిటారు రాతిగోడలు, గోడల సందుల పావురాలు, అడుగున పచ్చటి నీళ్లు. లారీలు తిరిగిన బాట గోడలెంబడి చుట్టుకుంట దిగుతది. పైకొచ్చేటప్పుడు ఆఖరి మలుపు నెత్తి మీదికే లేస్తది. దాన్ని డ్రైవర్లు ఒంటె మెడ అనేటోళ్లు. లోడు లారీ ఆడికొస్తే, గుడి ముంగట కూడా చెప్పులిడవని డ్రైవర్ చెప్పులిడిచి మొక్కెటోడట. ఆ మెడ మీద నా పాణం రోజూ పోయి రోజూ తిరిగొచ్చేది. వచ్చిన పాణం మాత్రం కొత్తగ ఉండేది.

ఒకనాడు క్యాను మరిచిన. ఎట్ల మరవకుంట ఉంటం? అత్త మోకాళ్లకు నూనె కాచి, మూడు టిఫిన్ డబ్బాలు సదిరి, లింగం చొక్క వెతికిచ్చిన. అది ఆయన కండ్ల ముంగటనే ఉండె. లింగం అంటే నా పెనిమిటి, ఇంకో కంపెనీల ఫిట్టరు. ఆయన నిలబడితే డ్యూటీ, నేను నిలబడితే టైంపాస్. ఇంటికొచ్చి ఆయన "అలిసిన" అంటడు, నేనొస్తే "గింతసేపు ఏడవోయినవ్" అంటడు. గిదంత తలుసుకుంట ఉత్త చేతులతోని ఉరుకుతున్న. కౌసల్యమ్మవ్వ గడపల కూసొని, "ఏమైందే?" అన్నది. ఊపిరాడక మాట రాలే. ఎల్సీ ముందుగాలనే పోయిన క్వారీ దిక్కు చెయ్యి చూపి ఉరికిన.

అంతే. మేము అడుగుకు దిగి మొకం కడుక్కుంటుంటె పైన అంచెంబడి తలకాయలు మొలిచినయి. ఎల్సీ నీళ్లల్ల పడ్డదని ఒకరు, ఇద్దరం పడ్డమని ఒకరు, లారీతోని పడ్డమని ఇంకొకరు. ఆ లారీ ఏ రంగుదో కూడా చెప్తున్నరట. కిష్టప్ప తాత బాయి మోకు కిందికి జారిడిసి, "పట్టుకో బిడ్డా, లాగుతం!" అని ఒర్లుతుండు.

"బాట ఉన్నది కద తాతా!" అన్న.

లింగం సగం గడ్డానికి సబ్బు నురగతోనే బండి మీద వచ్చిండు. "ఏం జేస్తున్నరే ఆడ?"

"ఉరుకుతున్నం."

"ఎందుకు?"

ఎందుకు, ఎందుకు, ఎందుకని గోడలన్నీ అడిగినయి. జనం నవ్విండ్రు. ఆ నవ్వు లింగం ఇంటిదాకా మోసుకొచ్చిండు. "ఇజ్జత్ తీసినవ్" అన్నడు. "పని తక్కువైతే కాళ్లకు గిట్లనే దురద పెడ్తది" అన్నది మా అత్త, నేను కాచిన నూనె మోకాళ్లకు రాసుకుంట. ఆఖరికి లింగం తీర్పు చెప్పిండు. "ఐతారం అందరి ముంగట అడుగు నుంచి పైదాక ఆగకుంట ఉరికి రా. వస్తే ఇగ నిన్ను ఎవలు ఆపరు. ఆగితే మాత్రం బూట్లు బిడ్డకిచ్చి ఇంట్ల పడుండాలె."

"సరే" అన్న. ఆ ఒక్క గంట నా బతుకుల నాదని చెప్పుకునే గంట. అది పోతే మిగిలేది డబ్బాలే.

ఐతారం జాతర లెక్క జనం. ఎవలో మిర్చి బజ్జీల బండి కూడా తెచ్చిండ్రు. నేను, ఎల్సీ దిగినం, నీళ్లు ముట్టినం, తిరిగినం. ఎక్కుతుంటె లోపట మాటలు కంకర లెక్క రాలుతున్నయి. మల్లనా, ఏడవోయినవ్, టైంపాస్, దురద. ఒక్కో మాట మీద అడుగేసి ఎక్కిన. ఒంటె మెడ మొదలైంది. రొమ్ముల మంట. అయినా నాకు తెలుస్తున్నది, ఇయ్యాల ఎక్కుత.

వెనుక ఎల్సీ "యేసయ్యా!" అని కూలబడ్డది. పిక్క పట్టేసింది. "నువ్వు పో బక్కక్కా. గెలువు, పో!"

జెర దూరం పోయిన. పైన లింగం నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డడు. అప్పుడు తట్టింది నాకు. నేను గెలిస్తే అది ఆయనిచ్చిన సెలవు. ఓడితే ఆయన గుంజుకున్న సెలవు. రెండింట్ల కూడా నా కాళ్లు ఆయన జేబులనే ఉన్నయి. రేపు ఇంకో పందెం పెడ్తడు, ఎల్లుండి ఇంకోటి. నన్ను రోజూ ఈ బాట మీదికి ఎక్కించింది మాత్రం ఆయన కాదు. ఆమె అగో, పిక్క పట్టుకొని ఏడుస్తున్నది.

ఆగిన. కిందికి దిగిన.

"ఆగింది! ఆగింది!" పైన చప్పట్లు. ఎల్సీ కాలు ఒళ్లె పెట్టుకొని నెమ్మదిగ పిసికిన. "పిచ్చా నీకు" అంటది ఎల్సీ, ఏడ్సుకుంట నవ్వుతది. నరం సడలినంక ఇద్దరం లేసి, మొదలు నడిచి, ఆఖరికి ఉరికి పైకెక్కినం.

"ఆగినవ్" అన్నడు లింగం.

"ఆగిన. ఎల్సీ కాలు పట్టేసింది. రేపు పట్టేసినా ఆగుత."

రేపు అన్న మాట ఆయన చెవిన పడలే. ఆ దినమంత ఈల వేసుకుంట తిరిగిండు, నాలుగు బజ్జీలు ఎక్కువ తిన్నడు.

తెల్లారినంక పాల క్యాను కడిగి ఆయన దిండు పక్కన పెట్టిన. బూట్ల దారాలు కట్టుకుంటుంటె లేసిండు.

"ఏందిది?"

"క్యాను. పాలు తెచ్చి చాయ్ పెట్టు. రుచితకు చక్కెర తక్కువెయ్యి."

"పందెం ఓడినవ్ కదనే!"

"పందెం ఓడిన. కాళ్లు ఓడలే."

"మొగోడు క్యాను పట్టుకొని బజార్ల పోతడానే?" అత్త మంచంల నుంచే కేకేసింది.

"పోతడు అత్తా. ఉత్త క్యానే, బరువుండదు."

ఉత్త చేతులు ఊపుకుంట బయటవడ్డ. కౌసల్యమ్మవ్వ గడపల తయారుగ ఉన్నది. "ఏమైందే?"

ఈపారి ఊపిరి దాచుకొని పెట్టుకున్న. "ఏం గాలే అవ్వా. నా కోసం ఉరుకుతున్న."

మలుపు తిరుగుతుంటె వెనుక నుంచి అవ్వ గొంతు మల్ల లేసింది. "ఓ లింగం! క్యాను నువ్వు పట్టినవేందిరా? నీ ఇంట్ల ఎవలకేమైంది?"

లింగం ఏం జవాబు చెప్పిండో నేను వినలే. ముంగట ఎల్సీ చెయ్యి ఊపుతున్నది. దిగుడు దిగాలె, మల్ల ఎక్కాలె.